లంగరు లేవని మధ్యాహ్నం

ఆ రోజు పడవలో నాకున్న పని ఒక్కటే. మా ఆయన చేతులు రెండూ ఎక్కడున్నాయో కనిపెట్టుకుని ఉండటం.

మా కూతురు బుడ్డిదానితో బెంగ లేదు. రెండు మెత్తటి తువ్వాళ్ళు ముడేసి ఒక కొస దాని నడుముకీ, ఇంకో కొస నా నడుముకీ కట్టేశాను. అది ఎటు దొర్లినా నాకు తెలిసిపోతుంది. మా ఆయన్ని అలా కట్టెయ్యలేను కదా. అందుకే కళ్ళతో కట్టేసి కూర్చున్నాను.

"ఏంటే, అలా చూస్తున్నావు? పెళ్ళైన కొత్తలో కూడా ఇంతలా చూడలేదు," అన్నాడు చుక్కాని చక్రం తిప్పుతూ.

"మిమ్మల్ని కాదు, మీ చేతుల్ని చూస్తున్నాను."

"చేతులేం చేశాయి?"

"ఇంకా ఏం చెయ్యలేదు."

ఆయన కుడి భుజం రెండుసార్లు జారింది. రెండుసార్లూ లంగరు లాగుతుంటేనే. మొదటిసారి పక్క పడవ వాళ్ళే గుంజి కీలు సరిచేశారు, వారం తిరక్కుండా మళ్ళీ పనిలోకి దిగాడు. రెండోసారి ఆపరేషనే చెయ్యాల్సి వచ్చింది. ఎముకల డాక్టరు అసలు సంగతి ఆయనతో చెప్పలేదు, నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "చూడమ్మా, ఇంకోసారి జారిందంటే లోపల కుట్టడానికి ఏమీ మిగలదు. చెయ్యి ఉంటుంది. నోట్లో ముద్ద పెట్టుకోడానికీ, చొక్కా బొత్తాలు పెట్టుకోడానికీ. పడవ పని మాత్రం మర్చిపోవాలి." ఆయనకి పడవ పని తప్ప ఇంకో పని రాదు. నేర్చుకుందామన్న ఆలోచన కూడా రాదు. పడవ లేకుండా ఇంట్లో కూర్చోబెడితే ఆ మనిషి ఏమైపోతాడో ఆ రెండు నెలల కట్టులోనే చూశాను. కిటికీ దగ్గర కూర్చుని ఎవరి పడవ ఎటు పోతోందో నాకు చదివి వినిపించేవాడు.

అందుకే వించ్ పెట్టించాం. పడవ ముక్కు మీద బిగించే మోటారది. పక్కనే నేల మీద గుండ్రటి స్విచ్ ఉంటుంది. దాన్ని కాలితో నొక్కితే చాలు, లంగరు గొలుసుని అదే చుట్టుకుంటూ పైకి లాగేస్తుంది. మనిషి చెయ్యి వెయ్యక్కర్లేదు. బిగించిన వాడు మా ఆయన చిన్ననాటి స్నేహితుడు. జేబులో కరెంటు టెస్టరు లేకుండా గుమ్మం దాటడు కాబట్టి వాడి పేరే టెస్టరు అయిపోయింది. రేవులో నొక్కి చూపించాడు. గొలుసు గిర్రున తిరిగింది. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి ట్రిప్పు. ఎదురుగా ఉన్న లంకలో ఒకే ఒక్క కొట్టుంది. దానికి సరుకు మేమే చేరవేస్తాం. లంక దగ్గర దిగే మెట్లు తుఫానుకి కొట్టుకుపోయాయి. అందుకని కాస్త దూరంలో లంగరేసి ఆగితే, కొట్టాయన చిన్న తెడ్డు పడవ వేసుకొచ్చి సరుకు దింపుకుంటాడు.

"నేనూ వస్తాను," అన్నాను పొద్దున.

"పిల్లనేసుకునా?"

"అత్తయ్యకి మిల్లులో పగటి డ్యూటీ. మరి పిల్లనేసుకోక ఎక్కడ పారేసి రాను?"

"నాన్న వస్తున్నాడు కదా నాకు తోడు."

"మామయ్య మీరు గొలుసు లాగుతుంటే సాయం పడతారు గానీ ఆపరు. ఆపే మనిషి కావాలి."

మామయ్య పక్కనే ఉన్నారు. కాదనలేదు.

మామయ్య గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన ఓడలకి పెయింటు వేసే పనిలో జుట్టు నెరిపించుకున్న మనిషి. పని మానేశారు గానీ బ్రష్షు మానలేదు. మా ఇంట్లో తలుపు గొళ్ళెం, బకెట్టు చెవి, సైకిలు బెల్లు, అన్నీ ఒకటే నీలం. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే మనకి కూడా ఓ పూత వేసేస్తారని అత్తయ్య అంటుంది. ఆయన దగ్గరికి వెళ్తే ఎప్పుడూ పెయింటు వాసనే. పని పద్ధతి మాత్రం చాలా గట్టిది. ఏ వస్తువైనా ముందు కనపడని వైపు వెయ్యాలంటారు. కనపడే వైపు ఎవడైనా వేస్తాడు, కనపడని వైపు వేసినవాడే పెయింటరని.

ఇంక నా సంగతి. బుడ్డిది పుట్టిన దగ్గర్నుంచీ నాకో అలవాటు పట్టుకుంది. ఊరికే దాని నుదుటి మీద చెయ్యి వెనక వైపు ఆనించి చూస్తుంటాను. అరచెయ్యి గిన్నెలు తోమీ బట్టలు పిండీ మొద్దుబారి ఉంటుంది, వెనక వైపుకే వేడి సరిగ్గా తెలుస్తుంది. ఆ రోజు పడవలో ఎన్నిసార్లు చూశానో.

"ఒరేయ్, ఇంట్లో థర్మామీటరు కొనక్కర్లేదురా, కోడలు ఉంది," అని మామయ్య నవ్వారు.

"అది నిద్దట్లో కూడా చూస్తుంది నాన్నా. ఒక్కోసారి చీకట్లో పొరపాటున నా నుదురు చూస్తుంది."

నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

వెళ్ళేటప్పుడు అంతా బాగానే జరిగింది. లంగరు దింపడానికి మోటారు అక్కర్లేదు, క్లచ్ వదులు చేస్తే దాని బరువుకి అదే దిగిపోతుంది. కొట్టాయన వచ్చాడు, బుడ్డిదాని బుగ్గ గిల్లాడు, అది ఏడిచింది. మూటలన్నీ మామయ్యే అందించారు. మా ఆయన చేతులు మాత్రం జేబుల్లో పెట్టించాను. కొట్టాయన అది చూసి, "ఏంటయ్యా, దొరగారిలా నిలబడ్డావ్?" అన్నాడు. మా ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

వెళ్తూ వెళ్తూ కొట్టాయన వెనక్కి తిరిగి ఆకాశం కేసి చూశాడు. "గాలి తిరుగుతోంది. ఎక్కువసేపు ఉండకండి," అని తెడ్డేసుకుంటూ లంక మీది కొండ మలుపు దాటిపోయాడు.

నిజమే. పొద్దున గాలి లంక మీంచి సముద్రం వైపు వీచింది. ఇప్పుడు సముద్రం మీంచి లంక వైపు తోస్తోంది. లంగరు చుట్టూ మా పడవ మెల్లిగా గుండ్రంగా తిరిగింది. పొద్దున ఎదురుగా దూరంగా కనపడ్డ రాళ్ళు ఇప్పుడు మా వెనక్కి వచ్చాయి. వాటి మీద నురుగు తెల్లగా లేస్తోంది. నేను బుడ్డిదాని ముడి ఇంకోసారి బిగించాను.

ఆయన ఇంజను ఆన్ చేసి ముందుకెళ్ళి కాలితో స్విచ్ నొక్కాడు.

టక్ అంది. ఊఁ అని మూలిగింది. ఆగిపోయింది.

మళ్ళీ నొక్కాడు. టక్. ఊఁ. అంతే.

"లంగరు రాయి కింద ఇరుక్కుందేమోరా," అన్నారు మామయ్య. "పడవ కాస్త ముందుకి తోలితే గొలుసు వదులవుతుంది. అప్పుడు నొక్కుదాం."

అలాగే చేశారు. పడవ ముందుకెళ్ళింది, గొలుసు వేలాడిపోయింది, ఎక్కడా బిగువు లేదు. మామయ్య స్విచ్ నొక్కారు. టక్. ఊఁ. ఖాళీ గొలుసుని కూడా లాగనంటోంది. అంటే బరువు సంగతి కాదు.

"చేత్తో తిప్పే హ్యాండిలు ఇచ్చాడు కదా టెస్టరు, కరెంటు పోతే తిప్పుకోమని?" అన్నాను.

"అదే వెతుకుతున్నా," అన్నాడు ఆయన. సీటు కింద చూశాడు, గూట్లో చూశాడు. "నాన్నా, హ్యాండిలు ఏది?"

మామయ్య రాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

"నాన్నా, నిన్నే."

"ఇంట్లో ఉందిరా."

"ఇంట్లో దానికేం పని?"

"పొడుగ్గా, నున్నగా, మంచి పట్టుందిరా దానికి. పెయింటు కలపడానికి తీసుకెళ్ళాను."

మా ఆయన నోరు తెరిచి మళ్ళీ మూసేశాడు. కన్నతండ్రిని ఏమంటాడు? నేను కూడా పెదాలు బిగించుకున్నాను. లోపల మాత్రం చాలా అన్నాను.

టెస్టరుకి ఫోను కలిపాడు, అందరికీ వినపడేట్టు పెట్టాడు.

"ఒరేయ్, నేను మా అత్తారింట్లో ఉన్నాన్రా. కాలు కదపనివ్వట్లేదు," అన్నాడు వాడు.

"నీ కాలుతో పని లేదు, నోరు కదుపు చాలు. నీ వించ్ తిరగట్లేదు."

"నీ కళ్ళముందే తిరిగింది కదరా! ఏమంటోంది?"

"టక్ అంటుంది, మూలుగుతుంది, పడుకుంటుంది."

"మా మామగారూ అంతే," అన్నాడు వాడు గొంతు తగ్గించి. తర్వాత మామూలుగా, "సరే విను. కేబిన్లో లైటు వెయ్యి. ఒకళ్ళు స్విచ్ నొక్కి పట్టుకోండి, ఒకళ్ళు లైటు చూడండి. లైటు నీరసపడితే బ్యాటరీలో దమ్ము లేదని, లేదా మోటారు బిగుసుకుపోయిందని. లైటు నీరసపడకుండా అలాగే వెలిగితే కరెంటు మోటారు దాకా సరిగ్గా పోవట్లేదని. దారిలో ఎక్కడో ఆగిపోతోంది."

లైటు చూసే పని నాది. బుడ్డిదాన్ని చంకనేసుకుని కేబిన్లో బల్బు కింద నిలబడ్డాను. బయట మామయ్య నొక్కారు. టక్. ఊఁ. బల్బు రెప్ప కూడా వెయ్యలేదు.

"అలాగే ఉంది!" అని అరిచాను.

"అయితే జాయింట్లు చూడండి చెల్లెమ్మా," అన్నాడు టెస్టరు. "ఎక్కడో వదులైంది. లేదంటే తుప్పు..."

"తుప్పా?" అన్నారు మామయ్య బయట నుంచి. "ఎవడ్రా వాడు? నా పడవలో తుప్పంటాడు?"

అంతలో పడవ ఇంకాస్త తిరిగి కొండ చాటుకి పోయింది. ఫోను గొంతు ముక్కలు ముక్కలై ఆగిపోయింది. మళ్ళీ కలవలేదు.

కేబిన్లో నేను కూర్చునే బెంచీ కిందే బ్యాటరీ పెట్టె. మూత ఎత్తారు. బొటనవేలంత లావు తీగలు, ఎర్రవి, నల్లవి. ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను. దుమ్ము లేదు, తుప్పు పొడ లేదు. ఇనప బద్ద, బోల్టు, నట్టు అన్నీ నీలంగా మెరుస్తున్నాయి. మా ఆయన ఎడం చేత్తో ఒక్కో తీగా పట్టుకుని లాగి చూశాడు. ఏదీ కదల్లేదు.

"అన్నీ రాయిలా ఉన్నాయి," అన్నాడు. "ఇంకేముంది, మోటారే పోయింది."

అప్పుడే పడవ కింద నుంచి గరగరమని చప్పుడొచ్చింది. మామయ్య మొహం చూస్తే తెలిసింది, లంగరు జారుతోందని. అది అడుగున రాళ్ళ మీద ఈడ్చుకుంటూ మాతో వస్తోంది. మేం వెనక రాళ్ళ వైపు పోతున్నాం.

"గొలుసు వదిలేద్దాం," అన్నాను. "పోతే పోయింది. ఇంటికి పోదాం పదండి."

"చివర కొక్కెం విప్పాలి," అన్నారు మామయ్య మెల్లిగా. "దానికి నాలుగు పూతలు వేశాను తల్లీ. రంపం ఉంటే గానీ ఊడదు."

"రంపం?"

"ఇంట్లో ఉంది."

మా ఆయన చక్రం దగ్గరికెళ్ళి ఇంజను ముందుకి తోసి పెట్టాడు. గరగర ఆగింది. డీజిలు ఉన్నంతసేపు అలా ఆగుతుంది. నేనూ మామయ్యా వెళ్ళి గొలుసు పట్టుకుని లాగి చూశాం. బుడ్డిది నా నడుముకి వేలాడుతూనే ఉంది. మూరెడు లాగాం. కెరటం వచ్చి పడవ ముక్కు లేచేసరికి ఆ మూరెడూ మా చేతుల్లోంచి జారిపోయింది. మామయ్య మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఆయన వల్ల కాదు. నా వల్లా కాదు.

తిరిగి చూసేసరికి మా ఆయన చక్రాన్ని తాడుతో కట్టేసి ముందుకొచ్చేశాడు. వచ్చి స్విచ్ మీద పాదం వేసి తొక్కాడు. తియ్యలేదు. ఊఁ అని అది మూలుగుతూనే ఉంది. మళ్ళీ తొక్కాడు. బండబూతు తిట్టాడు. పిల్ల ముందు అలాంటివి అనడు మామూలుగా. మళ్ళీ తొక్కాడు. తర్వాత ఆగాడు.

అప్పుడు చూశాను. చేతులకి తోలు గ్లౌజులు ఉన్నాయి. ఎప్పుడు తొడిగాడో నేను చూడలేదు. పొద్దున్నుంచీ కాపలా కాసి ఆ ఒక్కటీ చూడలేదు.

"వద్దు," అన్నాను.

"ఎడం చేత్తోనే లాగుతా. కుడిది ఊరికే ఆనిస్తా."

"మీ ఊరికే నాకు తెలుసు. రెండుసార్లూ ఊరికేనే జారింది."

"ఏం చెయ్యమంటావే మరి?" అరిచాడు. "వెనక చూడు! పిల్ల ఉంది పడవలో. నా భుజం కోసం అందర్నీ రాళ్ళకి కొట్టమంటావా? పదిసార్లు లాగితే పైకొచ్చేస్తుంది. పోతే చెయ్యేగా పోయేది."

"చెయ్యే ఏంటి? చెయ్యి పోతే మీరు పోయినట్టే. నేను చూశాను కదా కిటికీ దగ్గర."

ఆయన గొలుసు మీదికి వంగాడు.

నేనేం ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ పని చేసేదాన్ని కాదు. బుడ్డిదాన్ని పడవలో ఎవరి చేతికీ ఇవ్వను నేను, కన్నతండ్రికైనా సరే. ఆ రోజు నా నడుము ముడి విప్పేశాను. ఆయన వంగి ఉండగానే తువ్వాలు ఆయన నడుము చుట్టూ తిప్పి రెండు ముళ్ళు వేశాను. పిల్లని తీసి ఆయన ఛాతీకి అంటించాను. అది తండ్రి మెడ పట్టుకుని వేలాడింది. పిల్ల మెడకి వేలాడుతుంటే ఏ మగాడూ గొలుసు లాగలేడు.

"ఏంటిది?" అన్నాడు.

"ఇద్దర్నీ చూసుకోవడం నా వల్ల కావట్లేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోండి. వెళ్ళి చక్రం పట్టుకోండి. ఒక చెయ్యి చక్రం మీద, ఒకటి దాని వీపు మీద."

"మరి లంగరు?"

"కాసేపు ఆగండి. నాకో వాసన వస్తోంది."

అది అబద్ధం కాదు. ఇందాకటి నుంచీ వస్తోంది. పెయింటు వాసన. మామయ్య ఉంటే పెయింటు వాసన రావడం మామూలే కదా అని వదిలేశాను. కానీ మామయ్య ఇక్కడ పడవ ముక్కు మీద కూలబడి ఉన్నారు. వాసన మాత్రం కేబిన్ దగ్గరికి వెళ్తున్న కొద్దీ ఎక్కువవుతోంది. పైగా ఇది పచ్చి వాసన కాదు. స్టవ్ మీద ఏదో మాడబోయే ముందు వచ్చేలాంటిది.

బెంచీ మూత ఎత్తాను. చూడ్డానికి అన్నీ ఇందాకటిలాగే ఉన్నాయి. నాకు కరెంటు గురించి ఏం తెలుసు? స్కూల్లో ఆ పాఠం వచ్చే ఏడాది చెబుతామన్నారు. ఆ వచ్చే ఏడాదికి నేను స్కూల్లో లేను. నాకు తెలిసింది ఒకటే. ఒంట్లో ఎక్కడో బాగాలేకపోతే పిల్ల చెప్పలేదు, మనమే ముట్టుకుని చూడాలి.

చెయ్యి తిరగేసి వెనక వైపు ఆనించాను. ఎర్ర తీగ మొదట, చల్లగా ఉంది. బ్యాటరీ నెత్తి, చల్లగా ఉంది. రెండో ఎర్ర తీగ, దాని చివర రబ్బరు టోపీ, అదీ అంతే. నల్ల తీగ మెల్లిగా పట్టుకుంటూ వెళ్ళాను. మధ్యలో చల్లగా, ఇంకాస్త ముందుకెళ్తే గోరువెచ్చగా. చివర ఇనప బద్దకి బిగించిన చోట చురుక్కుమంది. చెయ్యి లాగేసుకున్నాను.

"మామయ్యా!" అని అరిచాను. "ఇక్కడ కాలిపోతోంది!"

మామయ్య గోడ పట్టుకుంటూ వచ్చారు. ఆయన కూడా వేలు పెట్టి తీసేశారు. "అరె," అన్నారు. "పొయ్యిలా ఉందే. మిగతావి?"

"అన్నీ చల్లగానే ఉన్నాయి. ఇదొక్కటే. ఎందుకో మీకేమైనా తెలుసా?"

ఆయన ఆ నీలం బోల్టు కేసి చూస్తూ ఉండిపోయారు.

"ఏంటి నాన్నా?" చక్రం దగ్గర్నుంచి మా ఆయన అరిచాడు.

"ఏం లేదురా," అన్నారు. తర్వాత నాతో, మెల్లిగా, "ఎర్ర తీగలకి వాడు రబ్బరు టోపీలు పెట్టాడమ్మా. ఈ నల్లదానికి పెట్టలేదు. బోసిగా ఉంది పాపం. ఉప్పుగాలికి తినేస్తుంది కదా అని..."

"అని?"

"వాడు వెళ్ళాక విప్పాను. ఆ రాగి రేకు, ఈ వాషరు, బద్దకి ఆనుకునే చోటు, అన్నిటికీ వేశాను. ఆరబెట్టి మళ్ళీ బిగించాను."

"లోపల వైపు కూడానా మామయ్యా?"

"ముందు లోపల వైపే వేశాను," అన్నారు.

ఆ గొంతు విన్నాక నాకు తిట్టాలనిపించలేదు. తిట్టే తీరిక కూడా లేదు. టెస్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది, దారిలో ఎక్కడో ఆగిపోతోందని. రాగికీ ఇనుముకీ మధ్య పెయింటు పొర గోడలా ఉంటే కరెంటు ఎటు పోతుంది? బోల్టు మరల్లోంచి ఏదో కాస్త దూరుతోంది. ఆ ఇరుకులోనే ఈ వేడంతా.

బ్యాటరీ మెయిన్ స్విచ్ తిప్పేశాం. మామయ్య స్పానరేసి నట్టు తిప్పారు. ఒకసారి స్పానరు జారిపోయింది. నేను తీసి ఇచ్చాను. నట్టు ఊడింది. రాగి రేకు తిరగేస్తే అద్దంలా నున్నటి నీలం, ఒక అంచున మాత్రం గోధుమరంగుకి తిరిగి పొక్కులు లేచాయి. ఏ పనిలోనూ వంక పెట్టనివ్వని మనిషి కదా, పూత అంత బాగా వచ్చింది.

ఉప్పు కాగితం ఆయన జేబులోనే ఉంటుంది ఎప్పుడూ, పూత వేసే ముందు గీకడానికి. తీసి చిన్న ముక్క చింపి నాకిచ్చారు. ఆయన బద్ద గీకారు, నేను రేకు గీకాను. నీలం పొడి పడుతూంటే కింద రాగి ఎర్రగా బయటపడింది. మధ్యలో పడవ అదిరింది. గరగర మళ్ళీ మొదలైంది.

"అయిందా?" మా ఆయన అరిచాడు. "రాళ్ళు దగ్గరికొచ్చేస్తున్నాయి!"

"ఇంజను ఇంకాస్త తొయ్యండి! చేతులెక్కడున్నాయి?"

"ఉన్నాయే తల్లీ, ఉన్నచోటే ఉన్నాయి! నీ కూతురు నా ముక్కు పీకుతోంది!"

"పీకనివ్వండి!"

రేకు, వాషరు, బద్ద మూడూ బోసిగా మెరిశాయి. వాటిని బిగించేటప్పుడు మామయ్య చివరి చుట్టు రెండు చేతులతో తిప్పారు. మెయిన్ ఆన్ చేశాం. ఆయన మోకాళ్ళు లేవనివ్వట్లేదు. నేనే పరిగెత్తాను ముందుకి.

నేనెప్పుడూ ఆ స్విచ్ మీద కాలు పెట్టలేదు. అది పనిచెయ్యకపోతే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ముడి ఎంత గట్టిగా వేసినా ఆయన విప్పుకుంటాడు. పిల్లని నా చేతిలో పెట్టి గొలుసు పట్టుకుంటాడు. అప్పుడు నా దగ్గర చెప్పడానికి ఇంకో మాట లేదు.

నొక్కాను.

టక్ అంది. ఊఁ అనలేదు. గిర్రుమంది. గొలుసు ఒక్క కుదుపు కుదిపి, నీళ్ళు కారుతూ, బురద కారుతూ, ఒక్కో లంకె లోపలికి పోతోంది. నా పాదం కింద నేలంతా అదురుతోంది. నాకు తెలీకుండానే ఏడుస్తున్నాను.

"కాలు తియ్యి! కాలు తియ్యి!" మా ఆయన వెనక నుంచి. "పూర్తిగా బిగిసినప్పుడు వదలాలి, పడవ ముందుకి తోలతా, అప్పుడు మళ్ళీ నొక్కు. ఏడుపాపి విను!"

"వింటున్నా! అరవకండి, పిల్ల జడుసుకుంటుంది!"

"నువ్వే అరుస్తున్నావు!"

ఆయన తోలాడు, నేను నొక్కాను. తోలాడు, నొక్కాను. చివరికి లంగరు నీళ్ళలోంచి నల్లగా, నాచుతో, బూచాడి చెయ్యిలా పైకొచ్చి పడవ ముక్కుకి ఠంగుమని తగిలింది. కాలు తీసేశాను. మామయ్య ఎలాగో పాక్కుంటూ వచ్చి దానికి చీల దించారు, మళ్ళీ జారకుండా.

పడవ ముక్కు సముద్రం వైపు తిరిగింది. రాళ్ళ మీద నురుగు మా వెనక చిన్నదవుతూ వచ్చింది. అయినా నేను చాలాసేపు వెనక్కే చూస్తూ కూర్చున్నాను, అవి మా వెంట పడతాయేమో అన్నట్టు.

కొండ చాటు దాటగానే ఫోను మోగింది. టెస్టరు. "ఏరా, ఉన్నారా పోయారా? ఎత్తరేంటి? అన్నం ముందు కూర్చుని అన్నం సహించట్లేదు నాకు."

"నల్ల తీగ," అన్నాడు మా ఆయన. "బోల్టు దగ్గర అడ్డం పడింది."

"తుప్పే కదా? నే చెప్పలా!"

మా ఆయన తండ్రి కేసి చూశాడు. మామయ్య గోళ్ళలో ఇరుక్కున్న నీలం పొడి తీసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"ఊఁ, అలాంటిదే," అన్నాడు మా ఆయన. ఫోను పెట్టేశాడు.

కాసేపాగి మామయ్య నా పక్కకి జరిగారు. "అమ్మాయ్, ఆ రేకు అలా బోసిగా వదిలేస్తే నిజంగానే తుప్పు పడుతుంది."

"ఇంటికెళ్ళాక టెస్టరుని అడుగుదాం. ఏదో గ్రీజు ఉంటుందిట, బిగించాక పైన రాస్తారుట."

"గ్రీజు సరే. దాని మీద, పైపైన, ఒక్క పూత..."

"మామయ్యా!"

"పైన మాత్రమేనమ్మా. లోపల వద్దులే."

నేను లేచి బెంచీ మూత ఎత్తి నల్ల తీగ చివర చెయ్యి తిరగేసి చూశాను. కాస్త వెచ్చగా ఉంది, అంతే. పక్కనే బుడ్డిది తండ్రి ఛాతీ మీద నోరు తెరుచుకుని నిద్రపోయింది. దాని నుదురు చూశాను. తర్వాత ఆయన కుడి భుజం మీద, చొక్కా పక్కకి లాగి, కుట్ల మచ్చ మీద ఆనించాను.

"అక్కడ కూడానా?" అన్నాడు.

"నొప్పుందా?"

"లేదు."

"నిజం చెప్పండి."

"లేదంటే నమ్మవేంటే. పిల్లని మొయ్యడం తప్ప ఏమీ చెయ్యనివ్వలేదు కదా నువ్వు."

"ఇటివ్వండి, చెయ్యి లాగేస్తుంది మీకు," అని ముడి విప్పబోయాను. ఆయన వినలేదు. ఒక చెయ్యి చక్రం మీదే ఉంది, ఇంకోటి దాని వీపు మీద. గ్లౌజులు మాత్రం ఎక్కడా కనపడలేదు. ఎక్కడ పెట్టాడో అడగలేదు. ఆయన అటు తిరిగినప్పుడు సీటు కింద వెతికాను. దొరికితే మామయ్య జేబులో కుక్కేశాను.

రేవు దగ్గరపడేలోగా నల్ల తీగని ఇంకోసారి చూసి వచ్చాను.